వాన అందినది, గోడ పాతది

తుమ్మచెల్క గ్రామానికి ఆ ఏడు మృగశిర కార్తె డ్యూటీకి రాలేదు. అంతకుముందు ఏడు పడిన వానకు మల్సూరు రసీదు ఇవ్వకపోవడమే కారణం. రసీదు లేని ఊరికి కొత్త వానను పంపే వీలు లేదని మండల కార్తెల కార్యాలయం ఎండాకాలం మొదట్లోనే తెలియజేసింది. తెలియజేసిన కాగితాన్ని పంచాయతీ ఆఫీసు తలుపుకు అంటించారు. ఊళ్ళో చదువు వచ్చినవాళ్ళంతా చదివారు, రానివాళ్ళు చదివించుకున్నారు. మల్సూరు కూడా చదివాడు. చదివి ఇంటికి పోయి ఎడ్లకు నీళ్ళు పెట్టాడు.

పద్ధతి కొత్తదేమీ కాదు. కార్తెలు ఊళ్ళకు బస్సులోనే వస్తాయి. రోహిణి గడువు తీరిన మర్నాడు మృగశిర దిగుతాడు. అతని తర్వాత ఆరుద్ర, ఆమె తర్వాత పునర్వసు, అట్లా స్వాతి దాకా ఒకరి వెనక ఒకరు. దిగినవాళ్ళు ముందు పంచాయతీ ఆఫీసులో హాజరు వేసుకోవాలి. తర్వాత ఒక ఇంట్లో అన్నం తినాలి. తిన్నాక చేను గట్టు మీదికి పోయి కురవాలి. గడువు తీరాక, అన్నం పెట్టిన ఇంటివాళ్ళు ‘వాన అందినది’ అన్న రసీదు మీద సంతకం చేస్తే, దాన్ని జేబులో పెట్టుకుని, తర్వాత వచ్చినవాళ్ళకు చార్జి అప్పగించి వెళ్ళాలి. తుమ్మచెల్కలో అన్నం పెట్టేది మల్సూరు ఇల్లు. అతని తాత కాలం నుంచి అంతే. ఆ ఇల్లు బస్సు ఆగే చోటికి దగ్గర. అంతకు మించిన గొప్ప కారణం లేదు.

వండేది, వడ్డించేది, సంతకం పెట్టేది మల్సూరు భార్య రామనర్సమ్మ. ఆమె బడికి పోలేదు. తన పేరు రాయడం ఆ రసీదుల మీదే నేర్చుకుంది. ఇంకెక్కడా రాయాల్సిన అవసరం ఆమెకు పడలేదు. మృగశిర వచ్చిన రోజు ముందు ఇంగువ కలిపిన బెల్లం ఉండ చేతిలో పెట్టేది, తర్వాత చేపల కూరతో అన్నం. అతను సన్నటి మనిషి, ఎడమ భుజం ఎప్పుడూ తడిగా ఉండేది. తల వంచుకుని తినేవాడు. ఆరుద్ర నీచు ముట్టదు, ఆమెకు పప్పు. పునర్వసు, పుష్యమి అన్నదమ్ములు, ఒకే కంచంలో తినేవాళ్ళు. స్వాతి చివర వచ్చేది, తక్కువ తినేది, తక్కువే కురిసేది. చివరన రావాల్సిన వాన అంతే ఉండాలి. ఎవరికి ఏం కావాలో రామనర్సమ్మకు తెలుసు. రోహిణికి అన్నం పెట్టే పద్ధతి ఎక్కడా లేదు, ఎండను తెచ్చే మనిషికి ఎవరు పెడతారు. అయినా ఆమె రోహిణిని కూడా అరుగు మీద కూర్చోబెట్టి చెంబెడు చల్ల పోసేది. మల్సూరుకు అది నచ్చేది కాదు. అతనికి నచ్చేవి మొదటి నుంచీ తక్కువే.

మల్సూరు తాత కాలంలో పోస్టులన్నీ నిండి ఉండేవి. వాన నాలుగు నెలల మీద పరుచుకుని పడేది. గింజకు ఇంత, మొలకకు ఇంత, పూతకు ఇంత అని ఎవరి వంతు వాళ్ళు కురిసి పోయేవాళ్ళు. తండ్రి కాలంలో ఆశ్లేష రిటైరైంది, ఆ పోస్టు నింపలేదు. మఖను డిప్యుటేషన్ మీద సముద్రం వైపు పంపారు, అక్కడ తుఫాన్ల పని పెరిగిందని. పుబ్బ సస్పెండయ్యాడు. ఎందుకో ఊరికి తెలియదు, అతనికీ తెలియదు. మల్సూరు పెళ్ళయిన కొత్తలో మృగశిర ఒకటి రెండు రోజులు ఆలస్యంగా దిగేవాడు. తర్వాత వారం. ఆ తర్వాత ఆరుద్ర దిగిన మర్నాడు దిగేవాడు. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని, ఎవరి వాన ఎవరు కురవాలో తేలక, కురవకుండానే గడువు తీర్చుకుని పోయిన ఏడు కూడా ఉంది.

అట్లాంటి ఒక ఏడు రామనర్సమ్మ అన్నం పెడుతూ మృగశిరను అడిగింది.

“ఏంది సారూ, గింత ఆలిశం? గింజలన్ని భూమిల్నే మాడిపాయె.”

“రిలీవు చెయ్యలేదమ్మా,” అన్నాడు మృగశిర.

రామనర్సమ్మ అతని కంచంలో ఇంకో చేప ముక్క వేసింది. మల్సూరు ఆ పూట అతని పక్కన కూర్చుని తినలేదు. తర్వాత ఏ ఏడూ తినలేదు.

ఆలస్యం వల్ల నష్టపోయింది ఊరొక్కటే కాదు. చార్జి అప్పగించడానికి మనిషి రాకపోతే రోహిణి పోవడానికి లేదు. గడువు తీరినా ఊళ్ళోనే ఉండి పని చేస్తూ ఉండాలి. అందువల్ల ఎండాకాలం ఏడాదికి కొంత చొప్పున పొడుగవుతూ వచ్చింది. దీనికి చాలామంది చాలా కారణాలు చెప్పారు. అసలు కారణం సిబ్బంది కొరత.

కార్యాలయం ఖాళీలు నింపకుండా, ఉన్నవాళ్ళకే అదనపు బాధ్యతలు ఇస్తూ పోయింది. ఇస్తూ ఇస్తూ చివరకు స్వాతి మీద పడింది. మృగశిర రిటైరైన ఏడు, అతనితో మొదలుపెట్టి చిత్త దాకా అందరి చార్జీ ఆమెకే అప్పగించారు. ఒక్కరు అందరి వాన ఎట్లా కురుస్తారని అడిగినవాళ్ళకు, వాన మొత్తం తగ్గలేదు కదా అని జవాబిచ్చారు. తగ్గలేదన్న మాట నిజమే. కార్యాలయానికి కావలసింది మొత్తం.

ఆ ఏడు రోహిణి తర్వాత ఎవరూ దిగలేదు. ఆరుద్ర వేరే మండలానికి బదిలీ మీద పోతూ, బస్సు కిటికీలోంచి చెయ్యి చాచి నాలుగు చినుకులు రాల్చింది. అలవాటు కొద్దీ రాల్చిందంతే. ఊరు దాన్ని నమ్మి పత్తి గింజ వేసింది. గింజ మాడింది. మళ్ళీ వేసింది. రెండోసారి వేసిన దాన్ని బోరు నీళ్ళతో, బిందెలతో, బూతులతో బతికించుకున్నారు. పత్తి విచ్చుకుని చేలు తెల్లబడిన వారానికి స్వాతి బస్సు దిగింది.

రామనర్సమ్మ కంచం పెట్టి కూర్చుంది. స్వాతి గడపలోకి కూడా రాలేదు. భుజాన బరువైన సంచీ ఉంది, కళ్ళ కింద నలుపు ఉంది.

“ఇంత తిని పో మేడం,” అంది రామనర్సమ్మ.

“టైం లేదమ్మా. అందరి చార్జి నాదే. రేపు పొద్దుగాల ఇంకో ఊరు,” అని స్వాతి చేను వైపు నడిచింది.

అన్నం తినకుండా వాన మొదలుపెట్టడం తుమ్మచెల్కలో అదే మొదటిసారి. ఆమె ఆ పగలు మృగశిర వాన, ఆరుద్ర వాన, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త, చివరికి తన వాన వరసగా కురిసింది. వరస తప్పలేదు, అది ఆమె నిజాయితీ. మల్సూరు చేలో ఏరిన పత్తి మీద పరదా కప్పడానికి పోయాడు. ఇంటి వెనక అర్రలో కూడా పత్తి ఉంది. అది మట్టి గోడల అర్ర. కిందికి నీళ్ళు వస్తున్నాయని రామనర్సమ్మ పత్తిని ఎత్తి పెట్టడానికి అర్రలోకి పోయింది. అప్పటికి వాన పుష్యమి దగ్గర ఉందో, మఖ దగ్గర ఉందో చెప్పగలిగినవాళ్ళు లేరు. గోడ ఆమె మీద కూలింది.

మల్సూరు వచ్చేసరికి వాడకట్టు వాళ్ళు మట్టి తీస్తున్నారు. పత్తి మీద పడింది కాబట్టి దెబ్బ తగిలి ఉండదని ఎవరో అన్నారు. దెబ్బ తగలలేదు. తడిసిన పత్తి, మట్టి కలిసి ఊపిరి ఆపేశాయి.

సాయంత్రం వాన తెరిపిచ్చాక స్వాతి వచ్చింది. ప్లాస్టిక్ కవరులోంచి రసీదు తీసింది. శవం అరుగు మీద ఉంది. ఆమె శవాన్ని చూసింది, తల దించుకుంది, రసీదు మాత్రం చాచింది. అందినదని ఒక్క సంతకం కావాలని మెల్లగా చెప్పింది.

“నువ్వు మా ఇంట్ల తిన్లే,” అన్నాడు మల్సూరు.

“తిన్లే.”

“తిననోళ్ళకు మా ఇంట్ల సంతకం లేదు.”

స్వాతి రసీదును మళ్ళీ కవరులో పెట్టుకుంది. ఆమె జుట్టు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. పెండింగులో పెడతారని చెప్పి బస్సు దగ్గరికి పోయింది. రసీదు పెండింగులో పడింది.

తర్వాత మల్సూరు కార్యాలయానికి ఒక అర్జీ పెట్టుకున్నాడు. పరిహారం అడగలేదు. తన భార్యను వాన చంపిందని కాగితం మీద రాసి ముద్ర వేసి ఇవ్వమన్నాడు, అట్లా రాసిన రోజు రసీదు మీద సంతకం చేస్తానన్నాడు. చలికాలంలో జవాబు వచ్చింది. తుమ్మచెల్కలో ఆ ఏడు వర్షపాతం సాధారణమని, సాధారణ వర్షపాతం మనుషులను చంపదని అందులో ఉంది. మల్సూరు దాన్ని చూరులో దోపాడు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. రోహిణి వచ్చింది. గడువు తీరింది. మృగశిర రోజున, ఊరివాళ్ళు మిరుగం అనే ఆ రోజున, ఎవరూ చేపలు కొనలేదు. ఎండ పొద్దెక్కకముందే అరుగులను కాలుస్తోంది. బోరులో నీళ్ళు సన్నగిల్లి, మోటారు గాలిని పీలుస్తోంది. మొదటి వారం ఊరివాళ్ళు మల్సూరుతో మామూలుగానే మాట్లాడారు. రెండో వారం అతను వస్తుంటే మాట ఆపడం మొదలుపెట్టారు. మూడో వారం బాలనర్సు వచ్చాడు. అతను సర్పంచి భర్త. సర్పంచి ఇంట్లో ఉంటుంది, సర్పంచి పని అతను చేస్తాడు. ఇందులో ఎవరికీ వింత లేదు.

బాలనర్సు మంచిగానే మొదలుపెట్టాడు. చావు ఎవరి చేతిలోనూ లేదన్నాడు. ఊరంతా నీ సంతకం కోసం చూస్తోందన్నాడు. మల్సూరు ఎద్దు మెడ గోకుతూ విన్నాడు. చివరికి బాలనర్సు గొంతు మారింది.

“ఒక్క గీత గీస్తే అయిపాయె గద మామా. నీకేం పోతది?”

“పొయ్యేది పొయ్యింది. నీ పెండ్లాం సంతకం నువ్వే పెడ్తవు గద, నా సంతకం గూడ నువ్వే పెట్టుకో.”

బాలనర్సు దాన్ని తిట్టుగా తీసుకోలేదు. ఆ ప్రయత్నం ముందే చేశామని, ఆఫీసులో ఒప్పుకోలేదని చెప్పాడు. అన్నం పెట్టే ఇంటి సంతకమే కావాలట. అక్కడ సూపరింటెండెంటు సుగుణాకర్ మంచివాడని, ఒక్కసారి పోయి మాట్లాడి రమ్మని, బస్సు దాకా తనే తోలుకుపోయాడు.

సుగుణాకర్ నిజంగానే మంచివాడు. కుర్చీ చూపించాడు, నీళ్ళు తెప్పించాడు. అతని వెనక గోడకు పెద్ద పటం ఉంది. దాని మీద ఒక్కో ఏటికి పడిన వానను నీలం గీతలుగా గీశారు. పాత ఏళ్ళ దగ్గర చిన్న చిన్న గీతలు చాలా ఉన్నాయి, పైరు మొలిచినట్టు. దగ్గరి ఏళ్ళకు వచ్చేకొద్దీ గీతలు తగ్గాయి, పొడుగయ్యాయి. చివరి ఏటి దగ్గర ఒక్కటే గీత, పటం అంచు దాటి గోడ మీదికి పోయింది. అన్నిటి కిందా మొత్తం వేశారు. మొత్తం అన్ని ఏళ్ళలోనూ ఇంచుమించు ఒకటే.

“చూడు పెద్దాయనా, మీ నాయన ఉన్నప్పుడు ఎంతనో ఇప్పుడూ అంతే,” అన్నాడు సుగుణాకర్.

“అప్పుడు నాలుగు నెలలు పడేది సారూ.”

“నేను చెప్పేది మొత్తం.”

నాలుగు నెలల అన్నం ఒక్క పూట తినమంటే నువ్వు తింటావా అని మల్సూరు అడిగాడు. సుగుణాకర్ ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. కొంచెం ఆలోచించి, అన్నం వేరే శాఖ కిందికి వస్తుందన్నాడు. తర్వాత సొరుగులోంచి రసీదు తీశాడు. అది స్వాతి తెచ్చినదే, అంచులకు మట్టి ఎండి ఉంది. ‘వాన అందినది’ అన్న మాట కింద ఖాళీ జాగా ఉంది. అందులో ‘గోడ పాతది’ అని ఇంకో వాక్యం రాసి సంతకం చేస్తే, మల్సూరుకు కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఇచ్చే వీలుందన్నాడు. మృగశిర పోస్టు ఖాళీగానే ఉంది. కాంట్రాక్టు పద్ధతి. చదువుతో పని లేదు, వాన కోసం ఎదురు చూసిన అనుభవం ఉంటే చాలు.

“వాన సంపలేదంటివి. మల్ల కారుణ్యం ఎందుకు సారూ?”

“అందుకే కారుణ్యం. సంపినం అంటే పరిహారం అయితది. దానికి మాకు పద్దు లేదు.”

గోడ పాతదని ఎందుకు రాయాలని మల్సూరు అడిగాడు. మనిషి పోయిన చోట ఏదో ఒక కారణం ఉండాలి, లేకపోతే ఫైలు మూయడానికి రాదని సుగుణాకర్ చెప్పాడు. గోడ పాతది కాదా అని అతనే తిరిగి అడిగాడు. ఆ గోడ మల్సూరు తాత పెట్టింది. పాతదే. ఎన్నో కార్తెల వానకు నిలబడిన గోడ అని మల్సూరు చెప్పాడు. అంటే పాతదేగా, అన్నాడు సుగుణాకర్.

మల్సూరు నీళ్ళ గ్లాసు ముట్టకుండా లేచి వచ్చాడు.

ఆ తర్వాత ఊరు అతన్ని తిట్టడం కూడా మానేసింది. దుకాణంలో ఉప్పు అడిగితే ఇచ్చేవాళ్ళు, అతని ముఖం మాత్రం చూసేవాళ్ళు కాదు. నువ్వు సంతకం పెట్టకపోయినా నీ పెండ్లాం ఉంటే పెట్టేది అని ఒక ముసలామె గోడ అవతలి నుంచి అంది. అది అతన్ని మిగతా అందరి మాటలకన్నా ఎక్కువ మండించింది, నిజం కాబట్టి. రామనర్సమ్మ ఆలస్యంగా వచ్చినవాళ్ళకూ పెట్టింది, కురవనివాళ్ళకూ పెట్టింది. ఆమె ఎవరినీ లెక్క అడగలేదు. అడగకపోవడం వల్లే ఇంత అయిందని మల్సూరు నమ్మకం. ఆమె మీద అతనికి ఆ కోపం ఇంకా ఉంది. ఆమె చనిపోయినంత మాత్రాన అతను కోపాలు వదిలేసే రకం కాదు.

ఒక మధ్యాహ్నం రోహిణి అతని ఇంటికి వచ్చింది. ఆమె గేటు తీస్తుండగానే వేపచెట్టు ఆకులు ముడుచుకున్నాయి. ఆమె అరుగు అంచున కూర్చుంది. కాళ్ళు పగిలి ఉన్నాయి, పెదవులు పొక్కి ఉన్నాయి. గడువు తీరి చాలా రోజులైందని, ఇంటి ముఖం చూడలేదని, జీతం కూడా గడువు వరకే ఇస్తారని చెప్పింది. తను మానుకుందామన్నా మానుకోవడానికి లేదు. కూర్చున్నా ఎండ కాస్తూనే ఉంటుంది.

“అందరు నన్ను తిడ్తున్నరు అన్నా. నేను పోతా అంటే ఇడుస్తలేరు. నన్ను ఇడిపియ్యి.”

 ఆమె అరుగు మీద చెయ్యి పెట్టి చూసింది, అక్కడ ఎవరో కూర్చుని లేచినట్టు.

“వదిన నాకు చల్ల పోసేది,” అంది. “ఇంకే ఊళ్ళె ఎవ్వలు పొయ్యరు. ఏ వానకు పాయె ఆమె?”

ఆ మాట అడిగిన మొదటి మనిషి రోహిణి. వాన వల్ల పోయిందా అని కాదు, ఏ వానకు పోయిందని అడిగింది. మల్సూరు చెప్పడం మొదలుపెట్టాడు, పుష్యమికో మఖకో తెలియదన్నాడు. లోపలికి పోయి చల్ల కోసం చూశాడు. చల్ల లేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె నోటి దాకా పోకముందే చెంబులో నీళ్ళు ఆవిరైపోయాయి. ఖాళీ చెంబు తిరిగి ఇస్తూ, అలవాటేలే అంది.

మర్నాడు మల్సూరు కార్యాలయానికి పోయి రాసి ఇచ్చాడు. వాన అందినది. గోడ పాతది. కింద సంతకం. సుగుణాకర్ రెండు వాక్యాలనూ పైకి చదివి, చక్కగా ఉన్నాయని, మిగతా ఊళ్ళకూ పనికొస్తాయని ఒక నకలు తీయించి పక్కన పెట్టాడు.

శిక్షణ జిల్లా కేంద్రంలో, పాత గోడౌనులో ఇచ్చారు. బూడిద రంగు చొక్కా ఇచ్చారు. వాన శరీరంలో మెడ దగ్గర మొదలవుతుందని, అక్కణ్ణించి భుజాలకు, చేతులకు దిగుతుందని బోధకుడు చెప్పాడు. కురిసేటప్పుడు ఎవరినీ తలచుకోకూడదు. ఏడుపును వానగా లెక్కించరు, ఉప్పు ఉంటుంది, పైరుకు పనికిరాదు. మల్సూరు పక్కన శిక్షణ తీసుకున్నవాళ్ళంతా ఇంచుమించు అతని ఈడు వాళ్ళే. ఒకతని ఎడ్లు వరదకు పోయాయి. ఒకామె కొడుకు పురుగుల మందు తాగాడు. అందరివీ కారుణ్య నియామకాలే. చాలామందికి మొదట్లో ఉప్పు నీళ్ళే వచ్చాయి. మల్సూరుకు మొదటి రోజే మంచి నీళ్ళు వచ్చాయి. బోధకుడు అతన్ని అందరికీ చూపించి మెచ్చుకున్నాడు.

సొంత ఊళ్ళో పోస్టింగు ఇవ్వరు. సొంత చేను మీద ఎక్కువ కురుస్తారని నియమం పెట్టారు. మల్సూరును పోతులబండకు వేశారు. తుమ్మచెల్కకు పోతులబండ వైపు మనిషినే ఎవరినో వేశారు. ఆ మనిషి ఎప్పుడు దిగాడో, ఎంత కురిశాడో మల్సూరు కనుక్కోలేదు. ఎడ్లను మేనల్లుడికి తోలిచ్చి, ఇంటికి తాళం వేసి వచ్చాడు. రోహిణిని విడిపించారా అని మాత్రం బస్టాండులో ఒకరిని అడిగాడు. విడిపించారని, పక్క మండలంలో వేశారని చెప్పారు.

ఉత్తర్వులు సంతకాల కోసం తిరిగి తిరిగి చేతికి వచ్చేసరికి మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది. అతను పోతులబండలో దిగినప్పుడు ఊరు చేలో మట్టి గీకి గింజలు మొలిచాయా అని చూస్తోంది. అక్కడ అన్నం పెట్టే ఇల్లు సాయిలుది. అతని భార్య బుగ్గమ్మ ఇంగువ బెల్లం ఉండ చేసి పెట్టుకుంది. ఎదురుచూసి ఎదురుచూసి అది రాయిలా గట్టిపడింది. అయినా పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. ఇన్ని రోజులు ఎందుకు పట్టిందని అడిగింది.

“రిలీవు చెయ్యలేదమ్మా,” అన్నాడు మల్సూరు.

తల వంచుకుని తిన్నాడు. సాయిలు అతని పక్కన కూర్చోలేదు. గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని చూశాడు. మల్సూరు అతన్ని తప్పు పట్టలేదు. గట్టు మీదికి పోయి, ఉత్తర్వులో ఇచ్చిన కొద్ది గడువులో కురవగలిగినంత కురిశాడు. అది పెద్దగా లేదు. రసీదు మీద బుగ్గమ్మ వేలిముద్ర వేసింది.

పత్తి విచ్చుకునే రోజుల్లో ఇంకో ఉత్తర్వు వచ్చింది. స్వాతి మెడ పట్టేసి సెలవు పెట్టింది. పోతులబండలో పడాల్సి ఉండి పడని వాన అంతా, స్వాతి వంతుతో సహా, మల్సూరు కురవాలి. ఒక్క రోజు ఇచ్చారు. మర్నాడు ఇంకో ఊరు.

అతను పొద్దున బస్సు దిగాడు. బుగ్గమ్మ అప్పటికే వండి పెట్టింది. పని అయ్యాక తింటానని చెప్పాడు. చల్లారిపోతుందని ఆమె అంది. ఆమె వెనక ఒక అర్ర ఉంది. మట్టి గోడలు. తలుపు సందులోంచి పత్తి కనిపిస్తోంది. మల్సూరు దాన్ని చూసి నిలబడ్డాడు.

“ఆ గోడ పాతగున్నది. అర్రల పత్తి బయటికి తీయిండ్రి,” అన్నాడు.

“ఎంత వాన పడ్తది సారూ?”

వాన ఎంత పడుతుందో ముందు చెప్పే శాఖ వేరే. కురిసేవాళ్ళు చెప్పకూడదని శిక్షణలో రెండుసార్లు చెప్పారు. మల్సూరు నోరు తెరిచాడు. అది తన పని కాదన్నాడు. అయితే చూద్దాంలే అని బుగ్గమ్మ పొయ్యి దగ్గరికి పోయింది.

అతను గట్టెక్కి మెడ సడలించాడు. ముందు మృగశిర బాకీ తీర్చాడు. తర్వాత ఆరుద్ర, పునర్వసు, పుష్యమి. తెల్లటి చేలు నల్లబడ్డాయి. మఖ దగ్గర ఒకసారి ఆగొచ్చు కదా అనిపించింది. ఆగితే మొత్తం తగ్గుతుంది. మొత్తం తగ్గితే ఈ ఊరికి పోస్టు రద్దవుతుంది, వచ్చే ఏడు ఎవరూ రారు. అతను ఆలోచించి, కురిశాడు. పుబ్బ నడుస్తుండగా ఊరి వైపు నుంచి ఒక చప్పుడు వినిపించింది. బరువైన, మెత్తటి చప్పుడు. దాన్ని అతను ఇదివరకు వినలేదు, అప్పుడు చేలో ఉన్నాడు. అయినా గుర్తుపట్టాడు. ఇంకా ఉత్తర, హస్త, చిత్త, స్వాతి మిగిలి ఉన్నాయి. వరస తప్పకుండా పూర్తి చేశాడు.

సాయంత్రం సాయిలు ఇంటికి పోయేసరికి మట్టి తీయడం అయిపోయింది. బుగ్గమ్మను అరుగు మీద పడుకోబెట్టారు. మల్సూరు ప్లాస్టిక్ కవరులోంచి రసీదు తీశాడు. ఇప్పుడు రసీదులు కొత్తగా అచ్చు వేయించారు. ‘వాన అందినది. గోడ పాతది.’ రెండు వాక్యాలూ అచ్చులోనే ఉన్నాయి, సంతకానికి మాత్రం జాగా వదిలారు.

సాయిలు సంతకం పెట్టడని మల్సూరు అనుకున్నాడు. పెట్టడని ఆశపడ్డాడని చెప్పినా తప్పు లేదు. పెట్టకపోతే ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. సాయిలు కాగితం తీసుకున్నాడు. మట్టి చేతిని పంచెకు తుడుచుకున్నాడు. చదవకుండా సంతకం పెట్టి ఇచ్చాడు.

మల్సూరుకు ఆ మనిషి మీద అసహ్యం వేసింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

“అన్నం తిన్లేవు గద సారూ,” అన్నాడు సాయిలు. “తినకుంటే సంతకం చెల్లదు.”

అతనే లోపలికి పోయి కంచం తెచ్చాడు. బుగ్గమ్మ పొద్దున వండిన అన్నం, చింతపండు వేసిన చేపల పులుసు. చల్లారిపోయింది. మల్సూరు అరుగు మీద, ఆమె కాళ్ళకు ఇవతల, కూర్చుని తల వంచుకుని తిన్నాడు. ఎడమ భుజం నుంచి నీళ్ళు కారి కంచంలో పడుతుంటే కొంచెం పక్కకు జరిగాడు. సాయిలు ఇంకొంచెం పెట్టాడు. చాలన్నా వినలేదు.

చెయ్యి కడుక్కున్నాక రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బస్సుకు టైమవుతోంది. సాయిలు గేటు దాకా వచ్చాడు.

“వచ్చే ఏడు మిరుగం నాడు నువ్వే వస్తవా సారూ?”

“రిలీవు చేస్తే వస్త.”

సాయిలు తల ఊపాడు. గింజల కోసం దుకాణంల ముందే చెప్పి పెట్టుకోవాలె అని, అరుగు వైపు తిరిగాడు.